అవసరం పుడితే మాట పుడుతుంది: ఇంగ్లీషు తరగతికి నాటకం నేర్పిన అనుభవ పాఠాలు

రాయలసీమలో కొత్తచెరువు చుట్టుపక్కల పల్లెల ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయులు కలిసినప్పుడల్లా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "సార్, పిల్లలు గ్రామర్ బిట్లు పెడతారు, మార్కులు తెచ్చుకుంటారు. నాలుగు మాటలు మాట్లాడమంటే మాత్రం తల దించుకుంటారు. ఏం చేయమంటారు?"

నాటకం ఆడించమంటాను. స్కూలు వార్షికోత్సవానికి రంగు పూసి, మైకు పెట్టి ఆడించే నాటకం సంగతి వేరు. నేను చెప్పేది రోజువారీ పీరియడ్‌లో, నలభై అయిదు నిమిషాల్లో, సుద్దముక్క ఖర్చుతో ఆడించే నాటకం. ఈ పని చేస్తూ నాకు తేలిన సంగతులను వరసగా రాస్తున్నాను. పనికొచ్చినవి తీసుకోండి.

1. అవసరం పుట్టనిదే మాట పుట్టదు

కొత్తచెరువులో ఒక పిల్లవాడికి తెల్లారి లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఇంగ్లీషుతో పడే పనేమీ లేదు. ఇంట్లో తెలుగు. కొందరి ఇళ్లలో ఉర్దూ. తండాల్లో లంబాడీ. సరిహద్దు దగ్గరే కాబట్టి కన్నడ కూడా కొంత చెవిన పడుతుంది. ఇంగ్లీషు కనిపించేది పుస్తకంలో, దుకాణం బోర్డు మీద, సెల్‌ఫోన్‌లో. నోటితో పలకాల్సిన అవసరం మాత్రం ఎక్కడా రాదు. దాన్ని రెండో భాష అని ప్రణాళికల్లో రాసుకున్నా, మన పిల్లలకు అది పరాయి భాషే.

అలాంటి పిల్లవాడికి పెన్ను చూపించి ఇదేమిటని అడుగుతాం. అది పెన్నని అడిగినవాడికి తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఇక వాడు నోరెందుకు తెరవాలి?

ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టండి. ఒకడు బస్టాండులో విచారణ గదిలో కూర్చున్న ఉద్యోగి. వాడి చీటీలో బస్సుల వేళలు, టికెట్ ధరలు ఉంటాయి. రెండోవాడి చీటీలో ఇలా ఉంటుంది: మీ అవ్వకు బాగాలేదు, పన్నెండు గంటలలోగా పెనుకొండ ఆసుపత్రికి చేరాలి, జేబులో నలభై రూపాయలే ఉన్నాయి. ఒకరి చీటీ ఇంకొకరు చూడకూడదు. ఒక తరగతిలో ఇలా ఆడించినప్పుడు మొదటి మాట "బస్ పెనుకొండ వెన్?" అని వచ్చింది. "టెన్ థర్టీ. వన్ టికెట్ ట్వెంటీ ఫైవ్" అన్నాడు ఉద్యోగి. ఇద్దరికీ యాభై కావాలి. పిల్లవాడు ఒక్క క్షణం లెక్క వేసుకుని, "మై గ్రాండ్‌మదర్ వెరీ ఓల్డ్ సార్. హాఫ్ టికెట్?" అన్నాడు. ఆ వాక్యం ఏ పుస్తకంలోనూ లేదు. పది రూపాయలు తక్కువ పడటం వల్ల పుట్టింది.

మన పక్కనే జరిగిన ఒక ప్రయోగం ఈ మాటకు బలం. ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు ప్రాంతాల బడుల్లో వ్యాకరణ పాఠాలు పక్కనపెట్టి పిల్లల చేత పనులు చేయించాడు. రైలు వేళల పట్టికలు, మ్యాపులు ముందు పెట్టి చిక్కు విప్పమన్నాడు. మనసు అర్థం మీద ఉన్నప్పుడే భాష ఒంటబడుతుందని ఆయన నమ్మకం. బెంగళూరు ప్రాజెక్టు అన్న పేరుతో అది ప్రపంచమంతా తెలిసింది. నాటకం ఆ చిక్కుకు ఒక మనిషిని జోడిస్తుంది. టికెట్ లెక్క తేలడం వేరు, జబ్బు పడిన అవ్వ కోసం తేల్చడం వేరు.

2. ఈ చదువు మన సీమకు కొత్తది కాదు

నాటకంతో భాష నేర్పడం విదేశీ పద్ధతి అని కొందరు ముఖం చిట్లిస్తారు. వాళ్లను ధర్మవరం మండలం నిమ్మలకుంటకు వెళ్లి చూడమంటాను. అక్కడి తోలుబొమ్మల కళాకారుల కుటుంబాల్లో ఇంటి మాట మరాఠీకి చెందినది. తెర వెనక కూర్చుంటే మాత్రం రామాయణమంతా తెలుగులో, పద్యాలతో సహా నడుస్తుంది. ఆ ఇళ్లలో పిల్లలకు ఆటే బడి. బొమ్మ పట్టుకుని, పెద్దల గొంతు వింటూ, తమ వంతు వచ్చినప్పుడు అందుకుంటూ ఆట నేర్చుకుంటారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

మన పల్లెల్లో ఆడే పౌరాణిక నాటకాలు చూడండి. సంతకం తప్ప రాని రైతు కూడా నాటకం అయ్యవారి దగ్గర హార్మోనియం పక్కన కూర్చుని తిరుపతి వేంకట కవుల పద్యాలు నోటికి పట్టేస్తాడు. సంస్కృత సమాసాలు పొల్లుపోకుండా పలుకుతాడు. రాగం, నడక, చేతి విసురు, ఎదుటి పాత్ర అందించే మాట, ఈ నాలుగూ కలిసి పద్యాన్ని ఒంట్లో నిలబెడతాయి.

ఇంగ్లీషు విషయంలోనూ మనకు పెద్దలున్నారు. 1880లో తాడిపత్రిలో పుట్టి బళ్లారిలో వకీలుగా పనిచేసిన బళ్లారి రాఘవ తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడింటిలోనూ రంగస్థలం ఎక్కాడు. షేక్‌స్పియర్ పాత్రలు ఇంగ్లీషులోనే వేశాడు. ఆయన మేనమామ, నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో సరసవినోదినీ సభ నడిపాడు. 1882లో అనంతపురం జిల్లా విడిపోక ముందు మనమంతా బళ్లారి జిల్లావాళ్లమే. మన పిల్లలకు నాటకం పెరటి చెట్టే. దాని కొమ్మకు ఇంగ్లీషు అంటు కట్టాలి, అంతే.

3. వేషం కట్టినవాడికి భయం తక్కువ

పల్లె పిల్లలకు ఇంగ్లీషు రాకపోవడం కన్నా, తప్పు మాట్లాడితే నవ్వుతారన్న భయం పెద్దది. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల్లో మరీ ఎక్కువ. పేరు పెట్టి పిలిచి "నువ్వు చెప్పు" అంటే లేచి నిలబడి గోడలు చూస్తుంటారు.

అదే పిల్లకు ఒక పాత్ర ఇచ్చి చూడండి. ఒక బడిలో నోరు విప్పని ఒక అమ్మాయి ఉండేది. దుకాణం ఆటలో ఆమెకు బేరం ఆడే ముసలమ్మ వేషం వచ్చింది. చున్నీ తలమీదకు లాక్కుని, నడుం వంచి, "టమోటా టెన్ రుపీస్? యెస్టర్‌డే ఫైవ్! యూ చీటింగ్!" అని గద్దించింది. తరగతి నవ్వింది, ఆ నవ్వు ముసలమ్మకు దక్కింది. ఆమె వంగిన నడుం మరికాస్త వంచి, ఇంకో మాట అంది.

తప్పు పాత్ర ఖాతాలోకి పోతుంది, ధైర్యం పిల్ల ఖాతాలోకి వస్తుంది. ఈ మరుగు కల్పించడానికి చున్నీ చాలు, కళ్లజోడు చాలు, అట్టముక్కతో చేసిన మాస్కు చాలు. బాగా బిడియపడే పిల్లలకు చేతికి ఒక బొమ్మ తొడిగి, బొమ్మ చేత మాట్లాడించమనండి.

4. ముందు ఒళ్లు కదలాలి, తర్వాత నోరు

మొదటిరోజే సంభాషణలు చెప్పించకండి. ముందు మూకాభినయం. మీరు ఇంగ్లీషులో చెప్పండి, వాళ్లు చేసి చూపించాలి: బావిలో నీళ్లు తోడుతున్నారు, బిందె బరువుగా ఉంది, దారిలో ముల్లు గుచ్చుకుంది, కూర్చుని తీసుకుంటున్నారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో ఇదే సూత్రం మీద ఒక బోధన పద్ధతి కట్టాడు. విన్న మాటకు ఒళ్లు జవాబు చెప్పాలి, నోటి మాట దాని వెనకే వస్తుంది అన్నాడు. చంటిబిడ్డలు ఇంటి భాష నేర్చుకునేదీ అలాగే కదా.

దీని తర్వాతి మెట్టు బొమ్మల్లా నిలబడటం. అయిదుగురు చొప్పున జట్లు చేసి, ఒక సందర్భం చెప్పి, చప్పట్లు కొట్టగానే కదలకుండా నిలబడమనండి. సంత, పెళ్లి, నీళ్ల ట్యాంకర్ వచ్చిన వీధి, ఏదైనా సరే. మీరు నడుచుకుంటూ వెళ్లి ఒకరి భుజం తట్టండి. తట్టిన పిల్లవాడు ఆ క్షణంలో తన పాత్ర మనసులో ఉన్న మాట ఒక్కటి ఇంగ్లీషులో చెప్పాలి. ట్యాంకర్ బొమ్మలో వరస చివర నిలబడిన పిల్లను తడితే "మై టర్న్, నో వాటర్" అంది. మూడు, నాలుగు పదాలే. వాటి వెనక వాళ్ల వీధి అంతా ఉంది. వాక్యం పొడవు చూసి తొందరపడకండి, అది తర్వాత పెరుగుతుంది.

5. అయ్యవారూ వేషం కట్టాలి

ఇంగ్లండులో పద్నాలుగో ఏట ఉన్నిమిల్లులో పనికి చేరి, తర్వాత ప్రపంచానికే నాటక బోధన నేర్పిన డొరతీ హీత్‌కోట్ (1926–2011) అనే ఆవిడ ఉంది. ఉపాధ్యాయుడు పక్కన నిలబడి ఆడించడం చాలదు, తానూ పాత్రగా లోపలికి రావాలని ఆవిడ పద్ధతి. నేను వాడిన వాటిలో ఇంత బలమైనది ఇంకొకటి లేదు.

మన ఊరి పక్కనే శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం రైల్వే స్టేషన్ ఉంది, 2000లో తెరిచారు. పుట్టపర్తికి వచ్చే విదేశీయులు అక్కడ దిగుతారు. పిల్లలకు ఆ దృశ్యం తెలుసు. నేను గది బయటికి వెళ్లి, ఒక టోపీ పెట్టుకుని, తలుపు తట్టి లోపలికి వచ్చేవాణ్ణి. ఇప్పుడు నాకు తెలుగు ఒక్క ముక్క రాదు. "ఎక్స్‌క్యూజ్ మీ, ఐ లాస్ట్ మై బ్యాగ్ ఇన్ ద ట్రైన్."

కాసేపు నవ్వులు. ఆ తర్వాత ఎవరో ఒకరు, "వాట్ కలర్ బ్యాగ్?" "బ్లూ." "వాట్ ఇన్‌సైడ్?" "మై పాస్‌పోర్ట్. అండ్ మై మెడిసిన్." మెడిసిన్ అనగానే తరగతి ముఖం మారిపోయేది. ఒకసారి మూడో బెంచీ నుంచి ఒక పిల్లవాడు, "యూ షుగర్ పేషెంట్?" అని అడిగాడు. వాళ్ల తాతకు షుగర్ ఉందట. నేను తల ఊపగానే, "యూ ఈట్? సిట్, సిట్!" అంటూ తన క్యారియర్ విప్పబోయాడు. పక్కవాళ్లు పోలీసు స్టేషన్‌కు ఫోన్ చేస్తామని లేచారు. ఆ పీరియడ్‌లో నేను ఏమీ "చెప్పలేదు". సాయం కావాల్సిన మనిషిగా నిలబడ్డాను.

దీనిలో కిటుకు ఒకటుంది. మీరు కట్టే వేషం పిల్లల కన్నా తక్కువ తెలిసినవాడిది కావాలి. దారి తప్పినవాడు, పోగొట్టుకున్నవాడు, ఊరికి కొత్తవాడు. అప్పుడు చెప్పే పెద్దరికం వాళ్లకు వస్తుంది. ఎప్పుడూ అడిగే మనిషి ఇప్పుడు తమ మీద ఆధారపడ్డాడని చూసిన పిల్లలు మాటల కోసం వెతుక్కుంటారు.

6. పాఠంలోని మనిషిని కుర్చీలో కూర్చోబెట్టండి

నాటకం ఆడిస్తే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని అడుగుతారు. సిలబస్‌తోనే నాటకం ఆడించండి.

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో మెక్సికో రచయిత గ్రెగోరియో లోపెస్ ఇ ఫ్యుయెంతెస్ రాసిన కథ ఉంది. లెంచో అనే రైతు వాన కోసం ఎదురుచూస్తాడు. వాన వడగళ్లవాన అయి పంటంతా ఊడ్చుకుపోతుంది. వంద పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాస్తాడు. పోస్టుమాస్టరు మనసు కరిగి, తోటివాళ్ల దగ్గర పోగుచేసి డెబ్బై పంపుతాడు. లెంచో ఆ డబ్బు లెక్కపెట్టుకుని, మిగతా ముప్పై తపాలా ఉద్యోగులే తినేశారని దేవుడికి మళ్లీ రాస్తాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే ఈ సీమలో, చెనక్కాయ పంట ఊడల దగ్గరే ఎండిపోవడం చూస్తూ పెరిగిన పిల్లలకు ఈ కథ విడమరచి చెప్పాల్సిన పని లేదు.

పాఠం చదివాక ఒకరిని లెంచోగా ముందు కుర్చీలో కూర్చోబెట్టండి. మిగతావాళ్లంతా ప్రశ్నలు అడగాలి. "హౌ మచ్ లాస్?" "వై నో ఇన్సూరెన్స్?" "వై యూ డిడ్ నాట్ ఆస్క్ నైబర్స్?" ఒక తరగతిలో లెంచోగా కూర్చున్నది ఒక అమ్మాయి. ఎవరో గట్టిగా నిలదీశారు: "యూ సే పోస్టాఫీస్ పీపుల్ థీవ్స్. యూ సా?" ఆ అమ్మాయి కాసేపు ఆగింది. "నో. బట్ గాడ్ డజ్ నాట్ మేక్ మిస్టేక్" అంది.

కథ గుండెకాయ అంతా ఆ జవాబులో ఉంది. లెంచో స్వభావాన్ని వివరించండి అన్న ఐదు మార్కుల ప్రశ్నకు గైడులోని జవాబు బట్టీ పట్టిన తరగతిలో ఆ వాక్యం పుట్టదు. ఆ తర్వాత పోస్టుమాస్టరును కూర్చోబెట్టండి, తర్వాత లెంచో భార్యను. ఆమె కథలో పెద్దగా మాట్లాడదు. పిల్లలు ఆమెను బాగా మాట్లాడిస్తారు.

7. బట్టీ సంభాషణకు ప్రాణం ఉండదు

వార్షికోత్సవం నాటకాల్లో మంచి గొంతున్న ఆరుగురు పిల్లలు నెలరోజులు బట్టీ పట్టి అప్పజెప్తారు. తల్లిదండ్రులు సంతోషిస్తారు, మంచిదే. దాంతో ఆ ఆరుగురికే లాభం, అదీ కొంతే. మధ్యలో ఒకరు మాట మరిస్తే రెండోవాడు నిలబడిపోతాడు. ఎదుటివాడి మాట వినకుండా తన వంతు కోసం కాచుకుని ఉంటాడు కాబట్టి.

రాసిన సంభాషణ వాడాల్సి వచ్చినప్పుడు మైకేల్ వెస్ట్ చెప్పిన పద్ధతి పట్టండి. ఆయన ఒకప్పుడు ఢాకాలో పనిచేసినవాడు. కిక్కిరిసిన తరగతుల్లో, చాలీచాలని వసతుల్లో ఇంగ్లీషు ఎలా చెప్పాలో 1960లో పుస్తకం రాశాడు. పద్ధతి చాలా తేలిక. పిల్లవాడు కాగితంలోని వాక్యాన్ని మనసులో చదువుకోవాలి, తల ఎత్తాలి, ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ చెప్పాలి. కాగితం చూస్తూ పలకకూడదు. చదవడానికీ పలకడానికీ మధ్యనున్న ఆ ఒక్క క్షణంలో వాక్యం కాగితం మీది నుంచి మనిషిలోకి వస్తుంది. ఒక్క పదం మారినా ఫర్వాలేదు. మారిందంటే అర్థం చేసుకుని చెప్పాడన్న మాట.

అలన్ మాలీ, అలన్ డఫ్ కలిసి భాషా తరగతిలో నాటక పద్ధతుల మీద 1978లో తెచ్చిన పుస్తకం ప్రపంచమంతా వాడారు. మాలీ 1980లలో మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేశాడు కూడా. ప్రేక్షకుల కోసం ఆడే నాటకం వేరు, తరగతిలో భాష కోసం చేసే అభినయం వేరు అన్నది వాళ్ల పని నుంచి నేను గట్టిగా పట్టుకున్న సంగతి. తరగతి నాటకానికి చూసేవాళ్లు అక్కర్లేదు. అందరూ ఆడేవాళ్లే.

8. ఆట మధ్యలో దిద్దకండి, రెండోసారి ఆడించండి

పిల్లవాడు "హి గో హాస్పిటల్" అన్న వెంటనే "గోస్, గోస్" అని అందించడం మనకు అలవాటు. ఆ అలవాటు మానుకోవాలి. మీరు దిద్దిన మరుక్షణం అవ్వ, ఆసుపత్రి, బస్సు అన్నీ మాయమైపోతాయి. పిల్లవాడు మళ్లీ పరీక్ష రాసేవాడు అయిపోతాడు.

ఆట జరుగుతున్నంతసేపూ వెనక నిలబడి నోటుబుక్కులో రాసుకోండి. ముగిశాక పేర్లు చెప్పకుండా మూడు, నాలుగు వాక్యాలు బోర్డు మీద రాసి, ఎలా సరిచేయాలో తరగతినే అడగండి. తర్వాత అదే సన్నివేశం మళ్లీ ఆడించండి. దిద్దుబాటు ఫలితం ఆ రెండో ఆటలో కనిపిస్తుంది.

ఒకే వాక్యం పదిసార్లు చెప్పించే డ్రిల్లు పిల్లలకు విసుగు. ఒకే సన్నివేశం నాలుగుసార్లు ఆడటానికి మాత్రం ఉత్సాహపడతారు, ప్రతిసారీ ఒక మలుపు ఇస్తే. పాత్రలు తారుమారు చేయండి. బస్సు తప్పిపోయిందనండి. విచారణ గదిలోని ఉద్యోగి కోపిష్ఠి అనండి. బ్రెజిల్ నాటక దర్శకుడు ఆగస్తో బోల్ (1931–2009) పేదల సమస్యల మీద నాటకాలు ఆడుతూ, చూసేవాడు "ఆపండి" అని లేచి పాత్ర స్థానంలోకి వచ్చి కథ మార్చే పద్ధతి తెచ్చాడు. మన తరగతికి అది అతికినట్టు సరిపోతుంది. ఉద్యోగి గదమాయించినప్పుడు నోరు మూసుకున్న పిల్లవాడి స్థానంలోకి ఇంకో పిల్ల వచ్చి, తానైతే ఏమంటుందో చూపిస్తుంది. మాటతో పాటు, నిలబడి అడగడం కూడా నేర్చుకుంటారు.

9. తయారీ తెలుగులో, ఆట ఇంగ్లీషులో

తరగతిలో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడులు ఉన్నాయి. అది పిల్లల నోరు కుట్టేసే పని. జట్టులో కూర్చుని ఎవరు ఏ వేషం, కథ ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ముగించాలి అని మాట్లాడుకునేటప్పుడు తెలుగులో మాట్లాడుకోనివ్వండి. ఉర్దూలో, లంబాడీలో మాట్లాడుకున్నా అడ్డు చెప్పకండి. ఆలోచన ఇంటి భాషలో గట్టిపడితే, ఆటలో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చుకోవడానికి పట్టు దొరుకుతుంది.

ఒక హద్దు మాత్రం గీయండి, అక్షరాలా సుద్దముక్కతో నేల మీద. గీత ఇవతల తెలుగు, గీత దాటి ఆటలోకి అడుగుపెడితే ఇంగ్లీషు. మాట తట్టకపోతే గీత ఇవతలికి వచ్చి స్నేహితులను అడిగి, మళ్లీ లోపలికి వెళ్లొచ్చు. మన సీమ పిల్లలు ఇంట్లో ఒక భాష, అంగట్లో ఒక భాష, బడిలో ఒక భాష వాడుకుంటూ పెరుగుతారు. భాష మార్చడం వాళ్లకు చేతనైన విద్య. దాన్ని గౌరవిస్తే ఇంగ్లీషు వాళ్లకు మరో భాష అవుతుంది. అవమానిస్తే శత్రువు అవుతుంది.

10. వేషాలు పంచడంలో న్యాయం పాటించండి

దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. తరగతిలో కలెక్టరు వేషం ఎప్పుడూ తెల్లగా, ఎత్తుగా ఉన్న పిల్లవాడికి, పనిమనిషి వేషం నల్లపిల్లకు, దొంగ వేషం చిరిగిన చొక్కావాడికి పోతుంటే, మీరు ఇంగ్లీషుతో పాటు ఇంకేదో కూడా నేర్పుతున్నారు. అది చాలా చెడ్డ పాఠం. డాక్టరు అనగానే మగపిల్లవాడు, నర్సు అనగానే ఆడపిల్ల ముందుకు రావడం చూస్తూ ఊరుకున్నా అంతే.

చీట్లు వేయండి. వచ్చిన వేషం అందరూ కట్టాల్సిందే. గొర్రెలు కాచే ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు బ్యాంకు మేనేజరుగా కుర్చీలో కూర్చుని, భూస్వామి కొడుకు చేతులు కట్టుకుని పంట రుణం అడగాల్సి వచ్చినప్పుడు, ఇద్దరి నోటా కొత్త ఇంగ్లీషు వస్తుంది. ఒకరు "ప్లీజ్" ఎలా అనాలో నేర్చుకుంటారు, ఇంకొకరు "షో మీ యువర్ పేపర్స్" అని గట్టిగా ఎలా అనాలో. ఆజ్ఞ, ప్రార్థన, తిరస్కారం, క్షమాపణ, వీటన్నిటికీ వేర్వేరు ఇంగ్లీషు ఉంటుంది. ఎప్పుడూ ఒకే మెట్టు మీద నిలబడే పిల్లవాడికి అందులో ఒకటే వస్తుంది.

11. అరవై మంది, ఒకటే గది, కావాల్సినంత గోల

గోల అవుతుంది. పక్క తరగతి ఉపాధ్యాయుడు తొంగి చూస్తాడు. హెడ్మాస్టరుకు ముందే చెప్పి పెట్టుకోండి. ఇద్దరిని నిలబెట్టి యాభై ఎనిమిది మందిని చూస్తూ కూర్చోబెడితే గోల తప్పదు. అందరినీ ఒకేసారి జంటలుగా ఆడిస్తే వచ్చేది మాటల సందడి. ముప్పై జంటలు ఒకేసారి బస్సు టికెట్ బేరమాడుతుంటే, మీరు అన్నిటినీ వినలేరు. వినాల్సిన పనీ లేదు. ఏ పూట ఏ నాలుగు జంటల దగ్గర నిలబడాలో ముందే అనుకోండి.

ఆపడానికి ఒక సైగ ఉండాలి. చెయ్యి పైకెత్తితే చూసినవాళ్లంతా చెయ్యెత్తి ఆగాలి. మొదట్లోనే అలవాటు చేయండి. గది చాలకపోతే ఆవరణలో వేపచెట్టు నీడ ఉంది. ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం వద్దు, మన ఎండల సంగతి తెలిసిందే. పొద్దుటి పీరియడ్లకు అడగండి.

12. ఆట ముగిశాక కలం పట్టాలి

నాటకం చేయలేని పనులు ఉన్నాయి. స్పెల్లింగు రాదు, చదివే వేగం దానంతటది పెరగదు, వ్యాకరణ సూత్రాలు విడిగా చెప్పక తప్పదు. అందుకే ప్రతి ఆట వెనకా ఒక రాత ఉండాలి. బ్యాగు పోయిన విదేశీయుడి తరఫున పోలీసులకు ఫిర్యాదు. లెంచో భార్య డైరీలో ఒక పుట. బ్యాంకు మేనేజరు రుణం ఎందుకు ఇవ్వలేదో తెలిపే ఉత్తరం. 2011 రాష్ట్ర పాఠ్య ప్రణాళిక తర్వాత వచ్చిన మన ఇంగ్లీషు పుస్తకాల్లో సంభాషణ, స్కిట్, డైరీ, ఉత్తరం లాంటి అభ్యాసాలు పెట్టింది ఈ ఉద్దేశంతోనే. వాటిని గైడు చూసి నింపించినంత కాలం ఫలితం రాదు. ముందు ఆడి తర్వాత రాసిన పిల్లవాడికి ఏం రాయాలన్న బెంగ ఉండదు, ఎలా రాయాలన్నదే మిగులుతుంది. అక్కడ మీరు వ్యాకరణం చెబితే చెవికెక్కుతుంది, అప్పుడు అది వాడికి కావాలి కాబట్టి.

13. బడి దాటాక కూడా ఈ ఆట నడుస్తుంది

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కొరియా కంపెనీ కియా కార్ల తయారీ మొదలుపెట్టింది. కొరియా నుంచి వచ్చిన వాళ్లతో మన పిల్లలు పనిచేస్తున్నారు. వాళ్లకూ ఇంగ్లీషు పరాయిదే, మనకూ పరాయిదే. ఇద్దరూ ఆ పరాయి భాషలోనే మధ్యదారిలో కలుసుకోవాలి. బెంగళూరుకు పోయే పిల్లలదీ ఇదే కథ. ఇంటర్వ్యూ గదిలో ఎదురుగా ముగ్గురు కూర్చుని, "టెల్ అస్ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్నప్పుడు చాలామందికి చదివింది గుర్తుంటుంది, నోరు మాత్రం ఎండిపోతుంది. తొమ్మిదో తరగతిలోనే ఆ గదిని నాలుగుసార్లు ఆడినవాడికి, అందులోనూ ఒకసారి ఇంటర్వ్యూ చేసే కుర్చీలో కూడా కూర్చున్నవాడికి, ఆ ముగ్గురు కూడా మనుషులే అనిపిస్తుంది. నా పాఠాలన్నిటిలో పిల్లలకు మిగలాలని నేను కోరుకునేది అదే.

కొత్తగా చేరిన మీకు చివరగా ఒక పని చెబుతాను. ట్రైనింగులూ సామగ్రీ వచ్చేదాకా ఆగకండి. రేపటి పీరియడ్‌లో చివరి పది నిమిషాలు తీసి పెట్టండి. ఒక సందర్భం, రెండు చీటీలు, అందరూ జంటలుగా. మొదటి వారం చీటీలు మీరు రాయండి. రెండో వారం నుంచి పిల్లల చేత రాయించండి. రేషన్ దుకాణంలో, పట్టుగూళ్ల మార్కెట్‌లో, ఆసుపత్రి వరసలో, సచివాలయంలో ఎవరికి ఎవరితో పని పడుతుందో, ఎక్కడ మాట చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో మీకంటే వాళ్లకే బాగా తెలుసు. వాళ్లు రాసిన చీటీల్లో వాళ్ల అవసరం ఉంటుంది. ఆ అవసరమే వాళ్ల చేత ఇంగ్లీషు మాట్లాడిస్తుంది.